గెలిచిన జట్టును నిలబెట్టుకోవాల్సిందా? హైదరాబాద్ ఎఫ్‌సీ వేసవి నిర్ణయాలపై చర్చ

ఉత్తర గ్యాలరీ:

సభ్యులందరికీ నమస్కారం. మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకున్నాక ఆ జట్టు గురించి మనం మాట్లాడుకోవడమే తగ్గిపోయింది. అయినా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ట్రోఫీ ఎత్తిన జట్టు, రెండేళ్లు తిరిగేసరికి 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో పట్టికలో అట్టడుగున ఎలా తేలింది?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సీజన్‌కూ సీజన్‌కూ మధ్య వచ్చే వేసవి విరామంలో, ఏటా ఒక మంచి ఆటగాడిని అమ్ముకోవడమే ఆ జట్టును దెబ్బతీసింది. 2021లో లిస్టన్ కొలాసోను కోల్‌కతా క్లబ్ ఏటీకే మోహన్ బగాన్‌కు ఇచ్చారు. 2022లో కప్పు గెలిచిన కొన్ని నెలలకే కుడి వైపు డిఫెన్స్‌ను కాసిన ఆశిష్ రాయ్‌ను కూడా అదే క్లబ్‌కు ఇచ్చారు. 2023లో ఆకాశ్ మిశ్రా ముంబయి సిటీకి వెళ్లాడు. ముగ్గురూ ఇక్కడ ఎదిగిన కుర్రాళ్లే, ముగ్గురూ మన కళ్ల ముందే భారత జట్టు స్థాయికి చేరినవాళ్లే.

"మన కళ్ల ముందే" అన్నాను గానీ నిజానికి అది టీవీలోనే. కోవిడ్ వల్ల 2020–21, 2021–22 సీజన్లు రెండూ మొత్తం గోవాలోనే జరిగాయి కాబట్టి, ఛాంపియన్‌ను గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో చూసే అవకాశం మనకు 2022 అక్టోబరులో గానీ రాలేదు. ఆ సాయంత్రం నేను మా అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఫైనల్ ఆడిన పదకొండు మంది పేర్లూ వాడికి కంఠతా వచ్చు. జట్లు మైదానంలోకి వస్తుంటే ఒక్కొక్కరినీ వేలితో చూపించి లెక్కపెట్టి, "ఆశిష్ ఏడి నాన్నా?" అని అడిగాడు. అతడిని అమ్మేశారని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ సీజన్ సెమీఫైనల్లో మనల్ని ఓడించింది ఎవరు? 2023 మార్చిలో రెండు మ్యాచ్‌లూ 0–0గా ముగిశాక పెనాల్టీల్లో 4–3తో గెలిచింది ఏటీకే మోహన్ బగాన్, అంటే మనం పంపిన లిస్టన్, ఆశిష్ ఉన్న జట్టే. ఆ తరువాత కప్పు కూడా వాళ్లే ఎత్తారు. గెలిచే జట్టు చేతిలో ఉన్నప్పుడు దానిని కదపకుండా నిలబెట్టుకోవడమే యాజమాన్యం మొదటి బాధ్యత అని నేను నమ్ముతున్నాను. కాదనేవారు కారణాలతో చెప్పాలని కోరుతున్నాను.

లెక్కల పుస్తకం:

ఉత్తర గ్యాలరీ గారి బాధ నాకు అర్థమవుతుంది. ఆ సెమీఫైనల్ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. అయితే ఆయన చెప్పిన కారణాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను, ఎందుకంటే జరిగిన క్రమమే దానికి విరుద్ధంగా ఉంది.

లిస్టన్‌ను అమ్మింది 2021 వేసవిలో. అప్పటికి ఒక భారతీయ ఆటగాడికి అదే అత్యధిక మొత్తమని, సుమారు కోటి రూపాయలని పత్రికలు రాశాయి. మనం కప్పు గెలిచింది ఆ తరువాతి సీజన్‌లోనే. అదే వేసవిలో ముంబయి సిటీ నుంచి బార్తొలొమ్యూ ఓగ్బెచే వచ్చాడు. 2002 ప్రపంచకప్‌లో నైజీరియాకు ఆడిన ఈయనకు అప్పటికే 36 ఏళ్లు. ఈ వయసు వాడి మీద డబ్బు పెడతారా అని అప్పుడు ఎందరో విమర్శించారు. ఆ సీజన్‌లో ఆయన 18 గోల్స్ కొట్టి లీగ్‌లోనే అందరికన్నా ముందు నిలిచాడు. బెంగళూరు నుంచి హువానన్, స్పెయిన్ నుంచి హావియెర్ సివెరియో వచ్చింది కూడా అప్పుడే. ఒకరిని అమ్మి, జట్టులో ఎక్కడ లోటు ఉందో చూసుకుని అక్కడ నలుగురిని తెచ్చుకోవడం జట్టు కట్టడంలో భాగమే, దానిని దెబ్బతీయడం అనకూడదు. 2020–21లో 29 పాయింట్లతో ఐదో స్థానంలో ఆగిపోయిన జట్టు, లిస్టన్ వెళ్లాక 38 పాయింట్లతో రెండో స్థానానికి ఎక్కింది. ఆశిష్ కూడా వెళ్లిపోయాక 42 పాయింట్లు తెచ్చుకుంది. అమ్మకాలే కారణమైతే ఈ అంకెలు కిందికి దిగాలి గానీ పైకి ఎక్కకూడదు.

ఇంకొక విషయం ఉంది. అభిమానులు తరచుగా దీనిని మరిచిపోతారు. కాంట్రాక్టు చివరి ఆరు నెలల్లోకి వచ్చిన ఆటగాడు తన క్లబ్ అనుమతితో పని లేకుండానే మరో క్లబ్‌తో ఒప్పందం చేసుకోవచ్చు. గడువు ముగియగానే అతడు వెళ్లిపోతాడు, పాత క్లబ్‌కు ఒక్క రూపాయి కూడా రాదు. కాబట్టి జీతం పెంచి కాంట్రాక్టు పొడిగించే శక్తి లేని క్లబ్, గడువుకు ఏడాది ముందే అమ్ముకోవడం తెలివైన పని. కోల్‌కతా, ముంబయి క్లబ్‌లు ఇచ్చే జీతంతో మనం పోటీ పడగలిగేవాళ్లమా? జీతాల మీద లీగ్ పరిమితి విధించిన మాట నిజమే గానీ, పరిమితి అందరికీ ఒకటే అయినా, అక్కడి దాకా ఖర్చు పెట్టే స్తోమత అందరికీ ఒకటి కాదు.

అసలు ఈ పద్ధతి ఎక్కడ మొదలైందో కూడా గుర్తు చేసుకుందాం. 2019–20లో, అంటే తొలి సీజన్‌లో, మన జట్టు 18 మ్యాచ్‌లు ఆడి 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. శిక్షకుడు ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలోనే తప్పించారు. 2020 వేసవిలో శిక్షకుడు ఆల్బర్ట్ రోకా బార్సిలోనాకు వెళ్లిపోతే, ఆగస్టు చివర్లో ఆ పదవిలోకి మనోలో మార్కెజ్ వచ్చాడు. మార్సెలీన్యో వంటి పేరున్న విదేశీయుడు వెళ్లిపోయాడు. కుర్రాళ్ల జట్టు ఇండియన్ యారోస్ నుంచి 18 ఏళ్ల ఆకాశ్, గోవా నుంచి చింగ్లెన్‌సానా సింగ్, కోల్‌కతా నుంచి హితేశ్ శర్మ వచ్చారు. బెంచ్ మీద కూర్చోబెట్టడానికి కాదు, ఆడించడానికే తెచ్చారు. ఆ సీజన్ ముగిసీ ముగియకముందే, 2021 మార్చిలో ఒమాన్‌తో జరిగిన మ్యాచ్‌లో ఆకాశ్, చింగ్లెన్‌సానా ఇద్దరూ తొలిసారి దేశం తరఫున బరిలోకి దిగారు. లీగ్‌లో ఎవరికీ పట్టని కుర్రాళ్లను తెచ్చి, ఆడించి, ధర పలికినప్పుడు అమ్మి, ఆ డబ్బుతో తరువాతి వరుసను తెచ్చుకోవడం పెద్ద ఖజానా లేని క్లబ్‌కు ఉన్న ఏకైక మార్గం. 2023లో తెగిపోయింది ఈ గొలుసులో చివరి కడియం, మొదటిది కాదు.

పాత మైదానం:

ఇద్దరి మాటలూ శ్రద్ధగా చదివాను. నాకు 70 దాటాయి. సిటీ పోలీస్ జట్టు వైభవాన్ని నేను కళ్లారా చూడలేదు, మా నాన్నగారి నోట విన్నాను.

1950 నుంచి 1954 వరకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు అప్పట్లో ముంబయిలో జరిగే రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరిన భారత జట్టుకూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకూ ఆయనే శిక్షకుడు. ఆ రోజుల్లో ఆటగాడికి పోలీసు శాఖలో ఉద్యోగం ఉండేది. ఒకటో తారీఖున జీతం చేతికి వచ్చేది, కాలు విరిగినా కుటుంబం వీధిన పడేది కాదు. జట్టు ఏళ్ల తరబడి కలిసి ఉండడానికి ఆట మీద ప్రేమ ఎంత కారణమో ఆ ఉద్యోగం కూడా అంతే కారణం.

అయినా ఆటగాళ్లు అప్పుడూ వెళ్లారు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. కలకత్తా పిలుపు ఇవాళ్టిది కాదని ఉత్తర గ్యాలరీ గారికి గుర్తు చేయడానికే ఇది చెబుతున్నాను. తేడా ఎక్కడుందంటే, బలరాం వెళ్లిన చోట మరొక బలరాం లేకపోయినా ఆడగలిగిన మరో పిల్లవాడు ఇక్కడి బస్తీల్లో దొరికేవాడు. 2022 ఫైనల్లో మొదటి నుంచి ఆడిన పదకొండు మందిని చూడండి. గోవా, ఉత్తరప్రదేశ్, మణిపూర్, సిక్కిం, బెంగాల్, మహారాష్ట్రల వారు ఉన్నారు, విదేశీయులు నలుగురు ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్కరూ లేరు. ఆ కుర్రాళ్లు మన పేరు నిలబెట్టారు, వారికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ మన గడ్డ మీద పండనిదాన్ని ఎక్కడి నుంచో తెచ్చి అమ్మితే, కొనడానికి డబ్బు లేని ఏడాది అంగడి మూసుకోవాల్సిందే. లెక్కల పుస్తకం గారు చెప్పిన గొలుసుకు మొదటి కడియం ఇక్కడ ఎప్పుడూ లేదని నా అభిప్రాయం.

ఎడమ కాలు:

పెద్దాయన మాట నాకు సూటిగా తగిలింది, ఎందుకంటే నేను వరంగల్ దగ్గర ఒక చిన్న మైదానంలో సాయంత్రాలు పిల్లలకు ఆట నేర్పుతాను.

మా దగ్గర ఒక పిల్లవాడు ఉండేవాడు. ఎడమ కాలితో ఆడేవాడు. పధ్నాలుగేళ్లకే అవతలి గోల్ దాకా పరుగెత్తి, మళ్లీ తన చోటికి వచ్చి నిలబడగలిగే ఊపిరి వాడిది. ఎడమ అంచున కాసే డిఫెండర్‌కు, అంటే లెఫ్ట్ బ్యాక్‌కు కావలసిందే అది. బూట్లేమో వాళ్ల అన్నయ్యవి. ముందు భాగంలో గుడ్డ కుక్కుకుని తొడుక్కునేవాడు. వర్షం పడిన రోజు ఆ గుడ్డ తడిసి బూటు బరువెక్కితే, పక్కకు వచ్చి గుడ్డ పిండి, మళ్లీ కుక్కుకుని లోపలికి వెళ్లేవాడు. పది పూర్తవగానే వాళ్ల నాన్న వాడిని ఇంటర్ కోసం ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చారు. పొద్దున ఐదింటికి మొదలై రాత్రి దాకా సాగే తరగతులు, మైదానం లేదు. రెండేళ్ల తరువాత సెలవుల్లో వచ్చి మాతో ఆడాడు. సగం మైదానం పరుగెత్తేసరికి నడుము మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. వాళ్ల నాన్నను నేను తప్పు పట్టను. "ఫుట్‌బాల్ ఆడితే ఎక్కడికి పంపాలి సార్, నెలకు ఎంత ఇస్తారు?" అని ఆయన నన్ను అడిగితే, నా దగ్గర చెప్పడానికి ఒక చిరునామా లేదు.

అదే వయసులో ఆకాశ్ మిశ్రా లాంటి పిల్లలు అకాడమీల్లో రోజుకు రెండు పూటలా ఆడుతున్నారు. పదిహేను నుంచి పద్దెనిమిది వరకు మన పిల్లలు ఇంటర్, ఎంసెట్ల కింద ఆటకు దూరమైపోతే, పద్దెనిమిదేళ్ల లెఫ్ట్ బ్యాక్ కోసం క్లబ్ బయటికి వెళ్లక ఏం చేస్తుంది? కాబట్టి స్థానికులు లేకపోవడం ఒక్క క్లబ్ తప్పు కాదని పెద్దాయనకు మనవి. కానీ క్లబ్‌కు చేతనైనది ఒకటి ఉంది. అమ్మిన ప్రతి ఆటగాడి డబ్బులో కొంత పక్కన పెట్టి, చదువూ ఆటా ఒకే చోట జరిగే వసతి గృహం నడపవచ్చు. అప్పుడు నాకు చెప్పడానికి ఒక చిరునామా దొరుకుతుంది.

మన పక్కనే శ్రీనిధి డెక్కన్ ఉంది. అజీజ్ నగర్‌లో సొంత మైదానం కట్టుకుంది. 2021–22లో, ఐఎస్‌ఎల్ తరువాతి స్థాయి అయిన ఐ–లీగ్‌లో అడుగుపెట్టిన ఏడాదే మూడో స్థానంలో నిలిచింది, తరువాతి రెండు సీజన్లలో వరుసగా రెండో స్థానం సాధించింది. ఆ రెండుసార్లూ మొదటి స్థానం వచ్చి ఉంటే ఐఎస్‌ఎల్‌కు ఎక్కేది. పంజాబ్, మహమ్మదన్ ఎక్కింది అలాగే. ఇల్లు కట్టుకున్నాక సామాను కొనుక్కోవడం వేరు, అద్దె ఇంట్లో ఖరీదైన సామాను పెట్టుకోవడం వేరు.

ఉత్తర గ్యాలరీ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. లిస్టన్ విషయంలో లెక్కల పుస్తకం గారి మాటను ఒప్పుకుంటున్నాను. ఆ అమ్మకం తరువాత జట్టు బలపడిందన్నది కాదనలేని నిజం.

కానీ 2022 వేసవిని మాత్రం ఆయన చాలా తేలికగా దాటేశారు. 2021లో ఒకరు వెళితే నలుగురు వచ్చారు, సరే. 2022లో ఆశిష్ వెళ్లాడు, మధ్యలో ఆటను పట్టి ఉంచిన సౌవిక్ చక్రవర్తి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు, హువానన్ వెళ్లిపోయాడు. వచ్చినవారిలో బోర్హా హెరెరా నిజంగా మంచి ఆటగాడు, ఓడెయ్ ఓనైందియా తిరిగి రావడం కూడా మేలే చేసింది. భారతీయుల విషయంలో మాత్రం వెళ్లినవాడికి సమానమైనవాడు రాలేదు. మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులకు మించి ఆడకూడదన్న నియమం 2021–22 నుంచి అమల్లో ఉంది. ఏడుగురు భారతీయులు తప్పనిసరి. అంటే విదేశీయుడు వెళితే ప్రపంచం మొత్తంలో వెతకవచ్చు, అంచున ఆడే జాతీయ స్థాయి భారతీయ డిఫెండర్ (ఫుల్ బ్యాక్) వెళితే వెతకడానికి దేశంలో ఉన్నది పట్టుమని పది మంది, వాళ్లందరూ ఏదో ఒక క్లబ్‌తో కట్టుబడి ఉన్నవారే. అందుకే భారతీయ ఆటగాడిని అమ్మేటప్పుడు వచ్చే ధరను చూసి మురిసిపోకూడదు, ఆ ధరకు అలాంటివాడు మళ్లీ దొరుకుతాడా అని చూడాలి.

42 పాయింట్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. అందులో 10 గోల్స్ 38 ఏళ్ల ఓగ్బెచేవి. ఆ వయసు ఆటగాడి మీద మరో ఏడాది గడిపిన జట్టు, ఆయన తరువాత ఎవరు అన్న ప్రశ్నకు ఆ వేసవిలోనే జవాబు సిద్ధం చేసుకోవాల్సింది. గోల్‌కీపర్ విషయంలో అదే పని చక్కగా చేశారు. కట్టిమణి ఇంకా ఆడగలిగే రోజుల్లోనే గుర్మీత్ సింగ్‌ను తయారు చేసుకున్నారు. ఆ ముందుచూపు మిగతా చోట్ల కనిపించలేదు.

కట్టిమణి పేరు రాయగానే నా చేయి ఆగిపోయింది, ఈ ఒక్కటి చెప్పనివ్వండి. ఫైనల్ షూటౌట్‌లో కేరళ బ్లాస్టర్స్ ఆటగాడు నిషు కుమార్ పెనాల్టీని ఆపాడు, గీత దాటాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు, మళ్లీ ఆపాడు. అంతకుముందు 88వ నిమిషంలో సాహిల్ తవోరా బాక్స్ బయట నుంచి, బంతి నేలను తాకకముందే కొట్టి స్కోరు సమం చేసి ఉండకపోతే షూటౌటే లేదు. తవోరా ఆ రోజు ప్రత్యామ్నాయంగా వచ్చినవాడు. బెంచ్ మీద అలాంటివాడు ఉన్న జట్టును కట్టడానికి ఎన్ని వేసవులు పడతాయో ఆలోచించండి. నా వాదన అక్కడి నుంచే పుట్టింది.

లెక్కల పుస్తకం:

2022 వేసవి గురించి మీరు చెప్పింది నేను సరిగ్గా తూచలేదు. భారతీయ ఆటగాడి విలువను ధరతో గాక దొరకని తనంతో కొలవాలన్న మాట నేను స్వీకరిస్తున్నాను. ఆశిష్‌ను అమ్మడం తప్పనిసరి అయినా, ఆ చోటికి మరొకరు సిద్ధమయ్యే దాకా, కనీసం ఇంకో సీజన్ ఆపి ఉండవచ్చు.

అయినా 2023ను 2022 కొనసాగింపుగా చూడడం నాకు సమ్మతం కాదు. ఆ వేసవిలో మనోలో గోవాకు వెళ్లాడు, ఓనైందియా కూడా అక్కడికే చేరాడు. సివెరియో, హెరెరా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. ఓగ్బెచే వెళ్లిపోయాడు, ఆకాశ్ సంగతి తెలిసిందే. శిక్షకుడు, వెన్నెముక లాంటి ఆటగాళ్లు ఒకే విరామంలో కదిలారు. అయితే వారి స్థానంలో ఎవరూ రాలేదని కాదు. కోస్టారికా స్ట్రైకర్ జొనాథన్ మోయా వచ్చాడు, మెక్సికో జాతీయ జట్టుకు ఆడిన ఓస్వాల్డో అలానీస్ వచ్చాడు. కాగితం మీద చూస్తే అది బలహీనమైన జట్టు కాదు. కానీ జీతాలు అందలేదు. బకాయిల కారణంగా కొత్త ఆటగాళ్ల నమోదుపై ఫిఫా నిషేధం పడింది. 2024 జనవరి నాటికి విదేశీయుల్లో చాలామంది, వారితో పాటు చింగ్లెన్‌సానా, నిఖిల్ పూజారి వంటివారు వెళ్లిపోయారు, వారి బదులు ఎవరినీ చేర్చుకునే వీలు లేదు. శిక్షకుడు థాంగ్‌బోయ్ సింగ్టో రిజర్వు కుర్రాళ్లతో సీజన్ ముగించాడు.

ఆ రోజుల్లో ఒక మ్యాచ్‌కు నేను గచ్చిబౌలి వెళ్లాను. గ్యాలరీలో వరుసకు ముగ్గురు, నలుగురు ఉన్నారు. మైదానంలో ఉన్న పిల్లల్లో సగం మంది పేర్లు నాకు తెలియవు. చొక్కా వెనక అంకె చూసి ఫోన్లో వెతుక్కున్నాను. వాళ్లు ఓడుతూనే చివరి నిమిషం వరకు పరుగెత్తారు. ఆ పిల్లల మీద నాకు ఎంత గౌరవమో, ఆ స్థితికి తెచ్చినవారి మీద అంత కోపం. జీతం ఇవ్వలేని కాంట్రాక్టును ఎంపిక అనలేం. ఎవరిని తేవాలి, ఎవరిని ఉంచాలి అన్న మన చర్చ అంతా జీతాలు సమయానికి అందే క్లబ్‌కే వర్తిస్తుంది. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకున్నాక కూడా జట్టును సమకూర్చుకునే పని ఆలస్యంగానే మొదలైంది, 2024–25లో 18 పాయింట్లతో చివరి నుంచి రెండో స్థానం దక్కింది. ఆ తరువాతి సీజన్‌కు ఊరే మారిపోయింది.

పాత మైదానం గారు ఒకటో తారీఖు జీతం అన్నారు. నేను ఇన్ని అంకెలు రాసి చెప్పబోయింది అదే.

ఎడమ కాలు:

ఒక చిన్న విన్నపం. అజీజ్ నగర్‌లో గానీ మరెక్కడైనా గానీ పదిహేనేళ్ల పిల్లలకు ఎంపిక పోటీలు ఎప్పుడు జరుగుతాయో తెలిసినవారు ఇక్కడ రాయండి. ఈ ఏడాది మా దగ్గర పదో తరగతి చదివే పిల్లలు ముగ్గురు ఉన్నారు, అందులో ఒకడు ఎడమ కాలివాడే. వాళ్ల నాన్నలతో మార్చిలోపు మాట్లాడాలి.